అతివాహక నానో నిర్మాణాలు: పరమాణు సూక్ష్మదర్శిని కోరే శుభ్రత

కొన్ని లోహాలను బాగా చల్లబరిస్తే వాటిలో విద్యుత్ నిరోధం పూర్తిగా మాయమవుతుంది. దీన్నే అతివాహకత అంటారు. 1911లో లైడెన్‌లో కామర్లింగ్ ఓన్స్ దీన్ని పాదరసంలో, 4.2 కెల్విన్ దగ్గర, మొదటిసారి చూశాడు. అలాంటి లోహాన్ని కొన్ని నానోమీటర్ల నుంచి కొన్ని వందల నానోమీటర్ల కొలతల్లో దీవిగానో, తీగగానో, బిళ్లగానో మలిస్తే అది అతివాహక నానో నిర్మాణం. అలాంటి నిర్మాణం ఉపరితలాన్ని స్కానింగ్ టన్నెలింగ్ మైక్రోస్కోపు (ఎస్.టి.ఎం.) పరమాణువు పరమాణువుగా చదవాలంటే దాన్ని ఎంత శుభ్రంగా, ఎలా తయారు చేయాలన్నది ఈ వ్యాస విషయం.

ఈ రంగంలోని చిక్కంతా ఒక్క పేచీలో ఉంది. కోరిన ఆకారం కావాలంటే లితోగ్రఫీ చేయాలి, అక్కడ శుభ్రత పోతుంది. శుభ్రతే ముఖ్యమనుకుంటే లోహాన్ని శూన్యంలో దానంతట అది పెరగనివ్వాలి, అప్పుడు ఆకారం మన చేతిలో ఉండదు. కింద చెప్పబోయే పద్ధతులన్నీ ఈ రెంటికీ సంధి కుదర్చడానికి పుట్టినవే.

పై పొరే సర్వస్వం

ఎస్.టి.ఎం.ను గెర్డ్ బిన్నిగ్, హైన్రిక్ రోరర్ 1981లో జ్యూరిక్‌లోని ఐ.బి.ఎం. పరిశోధనాలయంలో రూపొందించారు. 1986లో వారికి నోబెల్ బహుమతి వచ్చింది. పదునైన లోహపు సూదిని నమూనాకు నానోమీటరు కంటే దగ్గరగా తెస్తే, రెండూ తాకకపోయినా మధ్య ఖాళీని దాటుకుని ఎలక్ట్రాన్లు ప్రవహిస్తాయి. ఖాళీ 0.1 నానోమీటరు పెరిగితే చాలు, ఆ కరెంటు సుమారు పదో వంతుకు పడిపోతుంది. ఈ సున్నితత్వం వల్లే పరమాణువులు కనబడుతున్నాయి. అదే కారణంగా ఈ పరికరానికి పై పొర తప్ప మరేదీ కనబడదు. లోపల లోహం ఎంత మేలైనదైనా, పైన ఉన్నది తుప్పయితే సూది తుప్పునే చదువుతుంది.

గాలి తగిలిన అల్యూమినియం మీద రెండు మూడు నానోమీటర్ల ఆక్సైడు, నయోబియం మీద దాదాపు ఐదు నానోమీటర్ల ఆక్సైడు ఏర్పడుతుంది. ఇవి అవాహకాలు. సూదికి కావలసిన కరెంటు అందదు. కరెంటును స్థిరంగా ఉంచాలని చూసే నియంత్రణ వలయం సూదిని ముందుకు నెడుతూనే ఉంటుంది, చివరికి మొన నమూనాలో గుచ్చుకుని మొద్దుబారుతుంది.

ఆక్సైడు లేకపోయినా గాలిలోని నీటి ఆవిరి, కార్బన్ సమ్మేళనాలు పొరగా పేరుకుంటాయి. పీడనం మిల్లీబారులో పది లక్షల వంతుకు తగ్గినా, తగిలిన ప్రతి అణువూ అంటుకుంటుందనుకుంటే, కొద్ది సెకన్లలోనే ఒక పూర్తి పొర ఏర్పడుతుంది. మిల్లీబారులో వెయ్యి కోట్ల వంతుకు దించితే అదే పొరకు కొన్ని గంటలు పడుతుంది. అందుకే ఈ పనికి అత్యున్నత శూన్యం తప్పనిసరి. ఉక్కు గదిని 120 నుంచి 150 డిగ్రీల దగ్గర రోజుకు పైగా వేడిచేసి గోడల్లో పట్టి ఉన్న నీటిని వదలగొడితే గాని ఆ స్థాయి రాదు. నమూనా ఒకసారి ద్రవ హీలియంతో చల్లబడ్డ మైక్రోస్కోపులోకి చేరాక కొంత నిశ్చింత: చుట్టూ ఉన్న చల్లని గోడలే మిగిలిన అణువులను పట్టేసుకుంటాయి, ఉపరితలం రోజుల తరబడి చెక్కుచెదరదు. ప్రమాదమంతా తయారీకీ పరిశీలనకూ మధ్య ప్రయాణంలో ఉంది. అందుకే తయారీ గదినీ మైక్రోస్కోపునూ ఒకే శూన్యంలో కలిపి కడతారు. అవి వేర్వేరు భవనాల్లో ఉంటే, బ్యాటరీతో నడిచే పంపు బిగించిన శూన్యపు పెట్టెలో నమూనాను మోసుకెళ్తారు.

అతివాహకంలో చదవవలసింది పరమాణువుల అమరికనే కాదు. 1957లో బార్డీన్, కూపర్, ష్రీఫర్ వివరించినట్టు ఎలక్ట్రాన్లు జంటలు కట్టినప్పుడు, విడి ఎలక్ట్రాన్లకు అనుమతి లేని ఒక శక్తి అంతరం ఏర్పడుతుంది. ఆ అంతరాన్ని 1960లో ఐవార్ గియావర్ అల్యూమినియం, సీసం పొరల మధ్య టన్నెలింగ్ కరెంటుతో కొలిచాడు. ఎస్.టి.ఎం. అదే కొలతను ఒక్కొక్క బిందువు దగ్గర చేస్తుంది. 1989లో బెల్ ల్యాబ్స్‌లో హెరాల్డ్ హెస్ బృందం నయోబియం డైసెలినైడ్ స్ఫటికంలో అయస్కాంత క్షేత్రం చొరబడిన సుడులను ఇలాగే చిత్రించింది. ఆ స్ఫటికం పొరలు పొరలుగా ఉంటుంది, పై పొరను ఊడదీస్తే కింద కన్నెముఖం బయటపడుతుంది. తొలి విజయాలు ఇలా శుభ్రత సులువుగా దొరికే స్ఫటికాలతోనే వచ్చాయి. నానో నిర్మాణాలకు ఆ వెసులుబాటు లేదు. పొర ఊడదీస్తే నిర్మాణమే పోతుంది.

లితోగ్రఫీ మిగిల్చే మరక

మామూలు పద్ధతిలో ఫలకం మీద రెసిస్ట్ అనే ప్లాస్టిక్ పొర పూసి, ఎలక్ట్రాన్ పుంజంతో ఆకారం గీసి, గీసిన చోట పొరను కరిగించి, పైన లోహాన్ని ఆవిరిగా కురిపించి, మిగిలిన రెసిస్టును ద్రావకంతో కడిగేస్తారు. 1977లో జెరాల్డ్ డోలన్ వేలాడే రెసిస్ట్ వంతెన కింద రెండు కోణాల నుంచి లోహాన్ని కురిపించే ఉపాయం కనిపెట్టాడు. రెండు అతివాహకాలను పల్చని అడ్డుతో కలిపే చిన్న జోసెఫ్‌సన్ సంధులు చేయడానికి అది ఎంతగానో ఉపయోగపడింది. విద్యుత్ కొలతలకు ఇది చాలు, ఎందుకంటే కరెంటు లోపలి నుంచి పోతుంది. ఎస్.టి.ఎం.కు మాత్రం చాలదు: కడిగిన తర్వాత కూడా ప్లాస్టిక్ అవశేషం కొన్ని నానోమీటర్ల మందాన మిగులుతుంది, పైగా నమూనా గాలిలోకి వచ్చేసింది.

నయోబియం విషయంలో నష్టం ఇంకా లోతైనది. అది 2477 డిగ్రీల సెల్సియస్‌కు గాని కరగదు. దాన్ని ఆవిరి చేసే వేడికి రెసిస్టు నుంచి వాయువులు వెలువడి పెరుగుతున్న పొరలో కలుస్తాయి. నయోబియంలో ఆక్సిజన్ ఒక శాతం పరమాణువుల మేర కరిగితే అతివాహకత మొదలయ్యే సంక్రమణ ఉష్ణోగ్రత దాదాపు 0.9 కెల్విన్ పడిపోతుంది. శుద్ధ లోహానికి అది సుమారు 9.2 కెల్విన్ అని గుర్తుంచుకుంటే, ఆ కాస్త మలినం ఎంత తినేస్తుందో అర్థమవుతుంది. గ్రెనోబుల్‌లో కొందరు 2013లో ప్లాస్టిక్‌ను పక్కనబెట్టి పూర్తిగా లోహంతో చేసిన వేలాడే మాస్కులు వాడింది ఇందుకే.

మరక పడ్డాక తుడవవచ్చు కదా అంటే, ఉన్న మార్గాలన్నిటికీ ఏదో ఒక అడ్డు ఉంది. ఆక్సిజన్ ప్లాస్మా ప్లాస్టిక్‌ను కాల్చేస్తుంది గాని లోహాన్నీ ఆక్సైడుగా మారుస్తుంది. ఆర్గాన్ అయాన్లతో పై పొరలను చెక్కేయవచ్చు, కానీ ఉపరితలం గుంటలు పడుతుంది, కొంత ఆర్గాన్ లోపలే బుడగలుగా చిక్కుకుంటుంది. అల్యూమినియం స్ఫటికంలో పూడుకుపోయిన అలాంటి బుడగలను 1996లో వియన్నా శాస్త్రజ్ఞులు ఎస్.టి.ఎం.తోనే గుర్తించారు. గుంటలు పూడాలంటే వేడిచేయాలి. పెద్ద స్ఫటికం ఆ వేడిని తట్టుకుంటుంది, నానో తీగ మాత్రం ముక్కలై బొట్లు బొట్లుగా ముడుచుకుపోతుంది.

మరో అడ్డంకి ఫలకానిది. లితోగ్రఫీ పరికరాలు సాధారణంగా అవాహకం మీదే ఉంటాయి. సూది లోహం అంచు దాటి అవాహకం మీదికి వెళ్లిందంటే గుచ్చుకోవడం ఖాయం. ఫ్రాన్సులోని సాక్లేలో 2008లో జరిగిన ప్రయోగం ఈ రెండు ఇబ్బందులనూ చక్కగా దాటింది. అల్యూమినియం వలయం మధ్య చిన్న వెండి తీగను అమర్చారు. అల్యూమినియం ఆక్సైడు పట్టినా ఫరవాలేదు, చదవవలసింది వెండిని మాత్రమే. ఒకే సూదితో ముందు బలాన్ని కొలిచే పద్ధతిలో తీగ ఎక్కడుందో వెతికి, తర్వాత టన్నెలింగ్‌కు మారారు. అల్యూమినియం పొరుగున వెండిలో ఏర్పడ్డ చిన్న శక్తి అంతరం, వలయంలోని అయస్కాంత అభివాహాన్ని మార్చినప్పుడు పెరిగి తరిగి, ఒక దశలో పూర్తిగా మూసుకుపోవడం వారికి కనిపించింది. నా దృష్టిలో ఈ రంగంలోని అతి తెలివైన ప్రయోగాల్లో ఇదొకటి. మురికిని వదిలించుకోవడం సాధ్యం కానప్పుడు, అది అడ్డురాని చోటును ఎంచుకుని కొలవడం దీని ప్రత్యేకత.

రంధ్రాల పలక

రెసిస్టు అక్కరలేని దారి స్టెన్సిల్. సన్నని సిలికాన్ నైట్రైడ్ పొరలో కోరిన ఆకారంలో రంధ్రాలు చేసి, శుభ్రమైన ఫలకం ఎదుట ఉంచి, శూన్యంలోనే లోహాన్ని ఆవిరి చేస్తారు. సంక్రాంతికి వాకిట్లో రంధ్రాల పళ్లెం మీద ముగ్గుపిండి దులిపినట్టే ఇదీ. పళ్లెం నేలకు ఎత్తుగా ఉంటే ముగ్గు అంచులు చెదిరినట్టు, ఇక్కడా పలకకూ ఫలకానికీ మధ్య ఎడం ఉంటే ఉపచ్ఛాయ పడుతుంది. ఉదాహరణకు ఆవిరి మూలం వెడల్పు 5 మిల్లీమీటర్లు, దూరం 200 మిల్లీమీటర్లు, ఎడం 10 మైక్రోమీటర్లు అయితే, అంచు 250 నానోమీటర్ల మేర మసకబారుతుంది. మనం చేయదలచిన తీగ వెడల్పే అంత ఉండవచ్చు! ఎడాన్ని ఒకటి రెండు మైక్రోమీటర్లకు తేవాలి, కానీ పలక ఫలకాన్ని గీకకూడదు. దీనికి తోడు రంధ్రాల అంచుల మీద లోహం పేరుకుని అవి క్రమంగా పూడుకుపోతాయి. సీసం వంటి మెత్తని లోహాలైతే గది ఉష్ణోగ్రతలో ఫలకం మీద పడ్డాక కూడా పాకుతాయి కాబట్టి ఫలకాన్ని చల్లగా ఉంచాలి.

1999లో జ్యూరిక్ ఐ.బి.ఎం. పరిశోధకులు ఈ రంధ్రాన్ని ఏకంగా పరమాణు బల మైక్రోస్కోపు సూది చేతిలోనే చేసి, దాన్ని కదిలిస్తూ లోహంతో గీతలు గీయవచ్చని చూపారు. ఎక్కడ గీస్తున్నామో అదే పరికరంతో చూడవచ్చు కూడా. స్టెన్సిల్ ఇచ్చే ఆకారాలకు హద్దులున్నాయి: రింగు లాంటి ఆకారాన్ని ఒకే రంధ్రంతో చేయలేం, మధ్య ముక్క ఊడిపడిపోతుంది. అయినా ఆకారం, శుభ్రత రెండూ ఎంతో కొంత దక్కే మార్గాల్లో ఇదే నమ్మదగినదని నా అభిప్రాయం.

సీసం దీవులు

ఆకారం మీద పట్టు వదులుకోవడానికి సిద్ధపడితే ప్రకృతి ఇచ్చే శుభ్రతకు సాటి లేదు. దీనికి పేరుమోసిన జోడీ సీసం, సిలికాన్. సిలికాన్ ముక్కను శూన్యంలో సుమారు 1200 డిగ్రీలకు క్షణకాలం కాల్చితే ఆక్సైడు, కార్బన్ పోయి విశాలమైన చదునులు మిగులుతాయి. దాని మీద సీసాన్ని కురిపిస్తే ముందు ఫలకాన్ని అంటిపెట్టుకునే పల్చని పొర, ఆపైన తలం చదునుగా ఉండే స్ఫటిక దీవులు తమంతట తామే లేస్తాయి. ఒక్కో పరమాణు పొర మందం 0.286 నానోమీటర్లు. దీవుల ఎత్తు ఇష్టం వచ్చినట్టు ఉండదు. లోపల బందీ అయిన ఎలక్ట్రాన్ తరంగాలు నిలువు దిశలో ఇమిడేలా కొన్ని ఎత్తులే స్థిరంగా నిలుస్తాయి. చదునైన సీసం పొరల్లో మందం ఒక్కో పొర పెరిగేకొద్దీ సంక్రమణ ఉష్ణోగ్రత ఊగిసలాడుతుందని 2004లో బీజింగ్‌లో చీ-కున్ షుయే బృందం చూపింది. ఒకే ఒక్క పరమాణు పొర మందం ఉన్న సీసం కూడా అతివాహకమేనని, ఒక అమరికలో 1.83 కెల్విన్, మరో అమరికలో 1.52 కెల్విన్ దగ్గర అది మారుతుందని 2010లో తేలింది. అంత పల్చని పొరను గాలిలోకి తెస్తే ఏమీ మిగలదు. అందుకే ఈ జ్ఞానమంతా ఒకే శూన్యంలో తయారుచేసి, అక్కడే చూసిన ఫలితం.

దీవి వెడల్పును కొలవవలసింది కూపర్ జంటల (జంటకట్టిన ఎలక్ట్రాన్ల) సంబద్ధత దూరంతో, అంటే ఒక జంట విస్తరించే కొలతతో. శుద్ధ లోహంలో అది సీసానికి 80 నానోమీటర్ల చుట్టుపక్కల, నయోబియానికి 40, అల్యూమినియానికి ఏకంగా 1600. పల్చని దీవిలో ఎలక్ట్రాన్లు ఉపరితలాలకు తగిలి చెదరడం వల్ల ఇది ఇంకా తగ్గుతుంది. సుడికి సరిపడా చోటు మాత్రమే ఉన్న దీవిలోకి క్షేత్రాన్ని బలంగా నెడితే ఏమవుతుంది? విడివిడి సుడులు పక్కపక్కన సర్దుకోలేక ఒకే మహా సుడిగా కలిసిపోతాయని సిద్ధాంతం చాలాకాలంగా చెబుతోంది. 2011లో పారిస్‌లో క్రెన్, రోదిచెవ్ బృందం సీసం దీవుల్లో అది జరగడాన్ని చిత్రాలతో చూపింది. పక్కపక్కన ఉన్న దీవుల మధ్య సన్నని సందులో జోసెఫ్‌సన్ సుడి కేంద్రాన్ని కూడా 2015లో ఆ వర్గమే చూపింది. సంధిని ఎవరూ చెక్కలేదు, వేల దీవుల మధ్య సరైన జంటను వెతికి పట్టుకున్నారు.

దీవి మరీ చిన్నదైతే? 1959లో ఫిలిప్ ఆండర్సన్ ఒక హద్దు చెప్పాడు: కణంలో ఎలక్ట్రాన్ల శక్తి మెట్ల మధ్య ఎడం శక్తి అంతరాన్ని మించితే అతివాహకత నిలవదు. 2010లో సంగీతా బోస్, జర్మనీలోని స్టుట్‌గార్ట్ సహచరులతో కలిసి, రోడియం మీద పరచిన బోరాన్ నైట్రైడ్ పొర పైన తగరం కణాలను పెంచి పరిశీలించింది. హద్దును చేరేలోపు కణం కొలతతో పాటు శక్తి అంతరం ఎగుడుదిగుడుగా మారింది, కొన్ని కణాల్లో 60 శాతం దాకా పెరిగింది. ఆ పల్చని బోరాన్ నైట్రైడ్ పాత్ర ఇక్కడ కీలకం. కణంలోని కూపర్ జంటలు కింది లోహంలోకి జారిపోకుండా అది ఆపుతుంది, ఎస్.టి.ఎం. కరెంటును మాత్రం పోనిస్తుంది.

నయోబియం మొండితనం

మూలక లోహాల్లో సాధారణ పీడనం దగ్గర అత్యధిక సంక్రమణ ఉష్ణోగ్రత నయోబియానిదే. శుభ్రం చేయడానికి అతి కష్టమైన వాటిలోనూ అదొకటి. కారణం పైన పట్టిన ఆక్సైడు ఒక్కటే కాదు, లోహం లోపల కరిగి ఉన్న ఆక్సిజన్ కూడా. పైది తుడిస్తే లోపలిది పైకి వస్తుంది. మధ్యస్థంగా వేడిచేస్తే ఉపరితలం మీద ఆక్సిజన్‌తో కూడిన చారల అమరిక ఏర్పడుతుంది. చూడ్డానికి ఎంతో క్రమంగా ఉంటుంది గాని అది శుద్ధ నయోబియం కాదు. జర్మనీలోని వుర్ట్స్‌బుర్గ్‌లో మథియాస్ బోడె బృందం 2019లో దారి చూపింది: ఎలక్ట్రాన్ పుంజంతో స్ఫటికాన్ని 2400 డిగ్రీలు దాటేలా, అంటే కరిగే హద్దు దాకా, కొద్ది సేపు పదే పదే కాల్చాలి. అప్పుడు గాని ఉపరితలంలో అత్యధిక భాగం ఆక్సిజన్ లేకుండా బయటపడదు.

ఈ మందు నానో నిర్మాణానికి పనికిరాదు. సిలికాన్ 1414 డిగ్రీలకే కరుగుతుంది, నీలమణి ఫలకం కూడా 2400 డిగ్రీలు చూడకముందే కరుగుతుంది. కాబట్టి శుభ్రమైన నయోబియం నానో నిర్మాణం అంటే నిజానికి మరో వ్యూహం కావాలి: పెద్ద నయోబియం స్ఫటికాన్ని శుభ్రం చేసి, చిన్నదాన్ని దాని మీద కట్టడం. 1997లో ఐ.బి.ఎం. అల్మడెన్‌లో యజ్దానీ, ఐగ్లర్ ప్రభృతులు నయోబియం మీద ఒంటరి అయస్కాంత పరమాణువుల చుట్టూ శక్తి అంతరం లోపల పుట్టే స్థితులను చూశారు. యూ, షిబా, రుసినోవ్ 1960లలో ఊహించినవి ఇవే. 2021లో హాంబుర్గ్ బృందం శుభ్రపరచిన నయోబియం మీద మాంగనీసు పరమాణువులను సూదితో ఒక్కొక్కటిగా జరిపి గొలుసులు కట్టింది. ఇక్కడ శుభ్రత అలంకారం కాదు. శక్తి అంతరం నడుమ కనిపించే చిన్న శిఖరం, అలాంటి గొలుసుల చివర్లలో పుడుతుందని సిద్ధాంతం చెప్పే మయొరానా స్థితి కావచ్చు, పక్కన దాగిన ఆక్సిజన్ మచ్చ చేసిన అల్లరీ కావచ్చు. కింది ఉపరితలం పరమాణు పటం చేతిలో లేకుండా ఆ రెంటినీ వేరు చేశామనడం తొందరపాటే.

ఈ నియమాలన్నిటికీ ఒక మినహాయింపు ఉంది. గాలియం అయాన్ల పుంజాన్ని టంగ్‌స్టన్ కార్బనిల్ ఆవిరి మీద నడిపితే పుంజం తాకిన చోట టంగ్‌స్టన్, కార్బన్, గాలియం కలిసిన రూపరహిత పదార్థం పేరుకుంటుంది. ఇది నాలుగు కెల్విన్ల పైచిలుకు దాకా అతివాహకం. స్ఫటికమూ కాదు, శుద్ధమూ కాదు, అయినా దాని ఉపరితలం అంత సులువుగా పాడుకాదు. 2009లో మాడ్రిడ్, జరగోజా శాస్త్రజ్ఞులు ఇలా గీసిన పొరలో సుడుల జాలకం వేడికి కరిగిపోవడాన్ని ఎస్.టి.ఎం.తో నేరుగా చూశారు. రసాయనికంగా శుద్ధం కావడం వేరు, టన్నెలింగ్‌కు శుభ్రంగా ఉండడం వేరు అని ఈ ఉదాహరణ నుంచి నేర్చుకోవాలి.

శుభ్రతను ఎలా తేలుస్తారు

పరమాణువుల చిత్రం అందంగా రావడం సగం సాక్ష్యమే. రెండో సగం శక్తి అంతరం అడుగు. మంచి నమూనాలో ఆ అంతరం నడుమ వాహకత దాదాపు సున్నాకు దిగాలి. మలినాలు, అయాన్ల గాయాలు, వదులుగా ఉన్న ఆక్సైడు ఆ అడుగును పైకి లేపుతాయి. 1978లో డైన్స్, నారాయణమూర్తి, గార్నో వర్ణపటంలో ఇలాంటి విస్తరణను కొలవడానికి పెట్టిన పరామితి నేటికీ ప్రామాణికం. అయితే వేడి కూడా అంచులను మసకబార్చుతుంది. 4.2 కెల్విన్ దగ్గర ఈ మసక దాదాపు 1.3 మిల్లీ ఎలక్ట్రాన్‌వోల్టులు, సీసం శక్తి అంతరమూ ఇంచుమించు అంతే. అందుకే ఒక కెల్విన్ కిందికి దిగుతారు, లేదా సూదినే అతివాహకంగా చేస్తారు. 1998లో పాన్, హడ్సన్, డేవిస్ నయోబియం సూదితో చేసి చూపారు. టంగ్‌స్టన్ మొనను శుభ్రమైన సీసంలో మెల్లగా గుచ్చి పూత పట్టించడం ఇప్పుడు మామూలైంది.

మన దేశంలో ఈ బాటలో నిలకడగా పనిచేసింది ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌లో ప్రతాప్ రాయ్‌చౌధురి బృందం. 2013లో వారు వివరించిన ఎస్.టి.ఎం. 350 మిల్లీకెల్విన్ దాకా చల్లబడుతుంది, 9 టెస్లా క్షేత్రంలో పనిచేస్తుంది. నయోబియం నైట్రైడ్ పొరలను జతగా ఉన్న గదిలో పెంచి, గాలి తగలనీయకుండా సూది కిందికి చేరుస్తారు. పలచని పొర అవాహక ఫలకం మీద ఉన్నప్పుడు కరెంటు బయటికి పోయే దారి ఎలా అన్న చిక్కును ఆ పరికరం నిర్మాణంలోనే పరిష్కరించుకున్నారు.

కరెంటు దారి సమస్య చిన్నదిగా కనిపిస్తుంది గాని, నేడు అందరినీ ఆపుతున్నది అదే. దీవిని చూడడం వేరు, దానికి తీగలు కలిపి కరెంటు పంపుతూ చూడడం వేరు. ముందే బంగారు పట్టీలు వేసుకుందామంటే సిలికాన్‌ను 1200 డిగ్రీలకు కాల్చాలి, బంగారం సిలికాన్‌తో కలిసి 363 డిగ్రీలకే కరిగిపోతుంది. తర్వాత వేద్దామంటే ఉపరితలం పాడవుతుంది. జపాన్‌లోని త్సుకుబాలో ఉచిహాషి బృందం 2011లో ఈ ముడిని తలకిందులుగా విప్పింది. సిలికాన్ మీద పరమాణు పొరల మందంలో ఇండియం పరిచి, పైన మాస్కు ఉంచి, అక్కరలేని చోట్ల ఆర్గాన్ అయాన్లతో చెక్కేసి కరెంటు బాటను మిగిల్చారు. మాస్కు నీడలో ఉన్న భాగం తాకకుండా మిగిలింది, దానిలో నిరోధం లేని కరెంటు ప్రవహించింది. మూడేళ్ల తర్వాత ఎస్.టి.ఎం.తో అలాంటి పొరనే చూసినప్పుడు, సిలికాన్‌లో ఒక్క పరమాణు పొర ఎత్తున్న మెట్టు దగ్గర సుడులు సాగి, జోసెఫ్‌సన్ సుడుల లక్షణాలు కనబరిచాయి. లితోగ్రఫీ ప్రయాసపడి చేసే సంధి, అక్కడ ఫలకంలోని ఒక మెట్టు రూపంలో ముందే సిద్ధంగా ఉంది.